ఏడు యూనిట్లకు పన్నెండు వందలు: మన కరెంటు బిల్లు మనమే లెక్క కట్టుకుందాం

మే నెల రెండో వారంలో తెలంగాణలోని ఒక ఎస్సీ కాలనీకి ఇళ్ల పట్టాల పని మీద వెళ్లాం. అంబేద్కర్ భవనం అరుగు మీద కూర్చుని కాగితాలు చూస్తుంటే ఒకామె కరెంటు బిల్లు చీటీ తెచ్చి మా ముందు పెట్టింది. "ఏడాది సంది సున్నా బిల్లు వస్తుండె సారూ. ఈసారి పన్నెండు వందలకు దగ్గర కొట్టిండు. మేం కొత్తగ ఏం కొనలే" అంది. పక్కనున్న పిల్లగాడు పథకం ఎత్తేసిన్రన్నాడు. ఇంకొకాయన మీటర్ జంప్ అయిందన్నాడు. చీటీ మీద వాడిన యూనిట్లు 207 అని ఉంది. పథకం ఎత్తెయ్యలేదు, మీటర్ గెంతలేదు. రెండు వందల గీత మీద ఏడు యూనిట్లు దాటాయి, అంతే.

ఆ ఏడు యూనిట్లకు అంత డబ్బు ఎలా అయిందో అక్కడికక్కడ చెప్పడానికి మేం కూడా తడబడ్డాం. ఉద్యమాల్లో ఉన్నవాళ్లం జీవోల నంబర్లు చెప్పగలం, చట్టాల సెక్షన్లు చెప్పగలం. ఇంట్లోకి ప్రతి నెలా వచ్చే ఒక చీటీని చదవడం మాత్రం పక్కన పెట్టేశాం. అందుకే ఈ వ్యాసం.

యూనిట్ అంటే

వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. వస్తువు మీద రాసి ఉన్న వాట్లను అది నడిచే గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే చాలు. ఇంతకు మించిన లెక్క ఇందులో లేదు.

ఆ ఇంట్లోకే వెళ్లి చూశాం. పాత సీలింగ్ ఫ్యాన్లు రెండు. ఒక్కొక్కటి 75 వాట్లు, ఎండాకాలం కాబట్టి రోజుకు పదహారు గంటలు తిరుగుతాయి. రెండూ కలిపి 2.4 యూనిట్లు. చిన్న కూలర్ 180 వాట్లు, రాత్రి ఎనిమిది గంటలు, 1.44 యూనిట్లు. ఎవరో వాడి ఇచ్చిన పాత ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్‌కు వాట్లతో లెక్క కుదరదు, ఎందుకంటే అది ఆగుతూ నడుస్తుంది. పాతది, పైగా వేసవి కాబట్టి రోజుకు 1.2 యూనిట్లు వేసుకున్నాం. టీవీ 60 వాట్లు, ఐదు గంటలు, 0.3. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, ఆరు గంటలు, 0.22. రైస్ కుక్కర్ 700 వాట్లు, అరగంట, 0.35. మిక్సీ, ఫోన్ ఛార్జర్లు కలిపి ఓ 0.1. మొత్తం రోజుకు ఆరు యూనిట్లు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఎక్కువ వాట్లున్న వస్తువే ఎక్కువ తింటుందనుకుంటాం. కుక్కర్ 700 వాట్లు, ఫ్యాన్ 75 వాట్లు. కానీ కుక్కర్ అరగంటలో ఆగిపోతుంది, ఫ్యాన్ పగలూ రాత్రీ తిరుగుతుంది. ఆ ఇంటి బిల్లులో దాదాపు నలభై శాతం రెండు ఫ్యాన్లదే. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే రెండింటికీ కలిపి రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లు తగ్గుతాయి. ఏసీ వాడే ఇంటికి ఇది చిల్లర. రెండు వందల గీత దగ్గర ఊగే ఇంటికి ఇదే బిల్లు వచ్చే నెలకూ రాని నెలకూ తేడా. కాకపోతే ఆ ఫ్యాన్ మామూలు ఫ్యాన్ కంటే బాగా ఖరీదు, కూలి డబ్బుల్లో ఒకేసారి పెట్టలేరు.

ఫ్యాన్లు తక్కువ వాడమని మేం చెప్పబోవడం లేదు. రేకుల కప్పు కింద, చెట్టు నీడ లేని రెండు సెంట్ల జాగాలో, మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ ఆపమనే పొదుపు సలహా డాబా ఇంట్లో కూర్చుని రాసినవాళ్లది.

గీత దాటితే ఏమవుతుంది

తెలంగాణలో ఇళ్ల కరెంటు ధరలు 2022-23లో నిర్ణయించినవి. ఈ వ్యాసంలో లెక్కలన్నీ వాటితోనే కట్టాం. మీరు లెక్క కట్టే నాటికి రేట్లు మారి ఉంటే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

నెలకు వంద యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లకు యూనిట్ రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10. వంద దాటి రెండు వందల లోపు వాడితే మొదటి వందకు రూ.3.40, ఆపై రూ.4.80. రెండు వందలు దాటితే మొదటి రెండు వందలకూ రూ.5.10, అక్కడి నుంచి మూడు వందల వరకు రూ.7.70, తర్వాత రూ.9, ఇలా పైకి పోతుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. గీత దాటిన యూనిట్‌కు మాత్రమే కొత్త రేటు పడదు. మొదటి యూనిట్ నుంచి అన్నిటి రేటూ మారుతుంది. 200 యూనిట్లు వాడితే వాడకం ఛార్జీ రూ.820. 201 వాడితే రెండు వందలకు రూ.1,020, ఒకదానికి రూ.7.70, మొత్తం రూ.1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70. వంద దగ్గర కూడా ఇంతే: 100 యూనిట్లకు రూ.252.50, 101కి రూ.344.80.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి పద్ధతి వేరు. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లు రూ.1.90కే. అక్కడ 200 యూనిట్లకు రూ.867, 201కి రూ.873. ఒక యూనిట్ పెరిగితే ఆరు రూపాయలే పెరుగుతుంది. అలాగని ఆంధ్రలో కరెంటు చవక అనుకోవద్దు. వంద యూనిట్లకు అక్కడ రూ.304.50 అవుతుంది, తెలంగాణ కంటే ఎక్కువ. పైగా 2023లో ఇంధన సర్దుబాటు పేరుతో యూనిట్‌కు 40 పైసలు అదనంగా పడడం మొదలైంది, ట్రూ అప్ ఛార్జీలు వేరే. మేం చెప్పేది మెట్ల తీరు గురించి. ఆంధ్రలో ఎక్కేది మెట్టు, తెలంగాణలో ఎక్కేది గోడ.

ఆ గోడ మీద గృహజ్యోతి పథకం కూర్చుంది. 2024 మార్చి నుంచి ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు. దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. మన అక్క బిల్లు చూడండి: రెండు వందలకు రూ.1,020, మిగతా ఏడింటికి రూ.53.90, యూనిట్‌కు ఆరు పైసల చొప్పున విద్యుత్ సుంకం రూ.12.42. దీనికి కస్టమర్ ఛార్జీ, కిలోవాట్‌కు పది రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జీ కలిపితే పన్నెండు వందలకు దగ్గర. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే కూలికి పోతుంది. మూడు రోజుల కూలి పోయింది.

రీడింగు ఏ రోజు తీశారు

ఇంట్లో వస్తువుల లెక్క రోజుకు ఆరు యూనిట్లే చెబుతోంది. ముప్పై రోజులకు 180. మరి 207 ఎలా వచ్చింది? చీటీలో అందరూ కింద ఉన్న మొత్తం చూస్తారు. పైన రెండు తేదీలుంటాయి, వాటిని చూడరు. పోయిన రీడింగు ఏప్రిల్ 4న తీశారు, ఈసారి మే 7న. ముప్పై మూడు రోజులు. ఆరు యూనిట్ల లెక్కన 33 రోజులకు 198. మన అంచనాకు, మీటర్ చూపిన దానికి తేడా తొమ్మిది యూనిట్లు. ఫ్యాన్ గంటలు నోటి లెక్క కదా, అంత తేడా మామూలే. మీటర్ బాగానే ఉంది.

ఇప్పుడు మీటర్ చూపిన 207నే 33తో భాగించండి. రోజుకు 6.27. ముప్పై రోజులకు 188. రీడింగు తీసే మనిషి మే 4న వచ్చి ఉంటే ఆమె బిల్లు సున్నా. టారిఫ్ ఉత్తర్వులో శ్లాబులన్నీ నెలకు ఇన్ని యూనిట్లు అనే రాసి ఉన్నాయి. నెలంటే ముప్పై మూడు రోజులు కాదు. ఆలస్యం ఆమెది కాదు, భారం మాత్రం ఆమెది.

రీడింగు తీసేవాళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లలో చాలామంది చీటీకి ఇంత అని తీసుకునే కాంట్రాక్టు మనుషులు, మన వాడల పిల్లలు కూడా ఉన్నారు. ఆదివారాలూ పండగలూ వస్తే తేదీ జరుగుతుంది. అలా జరిగినప్పుడు శ్లాబును కూడా ఆ రోజుల మేరకు జరపాలన్నదే మన డిమాండ్. 33 రోజుల బిల్లుకు గీత 200 దగ్గర కాదు, 220 దగ్గర ఉండాలి. 2020 లాక్‌డౌన్‌లో రీడింగులు ఆగిపోయి తర్వాత నెలల బిల్లు ఒకేసారి వచ్చినప్పుడు ఇదే గొడవ రాష్ట్రమంతా జరిగింది. అప్పుడు మధ్యతరగతి కాలనీలు కూడా అడిగాయి కాబట్టి వినపడింది.

మీటర్ మీద అనుమానం ఉంటే ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఎలక్ట్రానిక్ మీటర్ మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో అంకె ఉంటుంది, చాలా వాటి మీద 3200. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి చూడండి. అప్పటికీ లైటు మిణుకుతుంటే కరెంటు ఎక్కడో కారుతోంది, లేదా మీ మీటర్ నుంచి వేరే ఇంటికి వైరు పోతోంది. తర్వాత ఒక్క వస్తువు వేసి నిమిషానికి ఎన్ని మిణుకులో లెక్కపెట్టండి. పది మిణుకులైతే గంటకు ఆరు వందలు, 3200తో భాగిస్తే 0.1875 యూనిట్. అంటే ఆ వస్తువు దాదాపు 190 వాట్లు లాగుతోంది. స్టడీ సర్కిల్‌లో హైస్కూలు పిల్లల చేత చేయించదగ్గ పని ఇది.

ఒకే మీటరు, రెండు పొయ్యిలు

ఆ కాలనీలో మేం చూసిన బిల్లుల్లో పెద్దవన్నీ ఉమ్మడి మీటర్లవే. ముప్పై ఏళ్ల కింద ప్రభుత్వం ఇచ్చిన రెండు సెంట్ల జాగాలో ఇప్పుడు అన్నదమ్ముల రెండు కాపురాలున్నాయి. పట్టా తండ్రి పేరు మీద, మీటరూ తండ్రి పేరు మీదే. ఒక్కో కాపురం 130 యూనిట్లు వాడితే మీటర్ మీద 260 పడుతుంది. వాడకం ఛార్జీ రూ.1,482. రెండు మీటర్లుంటే ఒక్కొక్కరికి రూ.484, ఇద్దరికీ కలిపి రూ.968. ఇద్దరికీ వేరువేరు రేషన్ కార్డులుంటే ఇద్దరికీ సున్నా.

భూమి లేకపోవడం కరెంటు బిల్లులోకి ఇలా వస్తుంది. జాగా పంచుకోలేని వాళ్లు శ్లాబు కూడా పంచుకోలేరు.

దీనికి చట్టంలో దారుంది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమానే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవారు కూడా కనెక్షన్ అడగవచ్చు. పట్టా పేరు మీద లేదని తిప్పి పంపితే ఈ సెక్షన్ చూపించండి. విడి వంట, విడి వైరింగు ఉందని చూపమంటారు, అది సిద్ధం చేసుకుని పోవాలి.

హైదరాబాద్ బస్తీల్లో అద్దె గదుల్లో ఉండే విద్యార్థులది ఇంకో కథ. గదికొక సబ్ మీటర్, యూనిట్‌కు పది రూపాయలు. మూడు గదులు, గదికి 60 యూనిట్లు అనుకుందాం. మెయిన్ మీటర్ మీద 180. దానికి వాడకం ఛార్జీ రూ.724, అంటే యూనిట్‌కు నాలుగు రూపాయల పైచిలుకు. యజమాని వసూలు చేసేది రూ.1,800. కులం అడిగి గది ఇచ్చే ఊళ్లో బిల్లు చూపించమని అడగడం తేలిక కాదని మాకూ తెలుసు, ఆ గదుల్లో మేమూ ఉన్నాం. ముగ్గురూ కలిసి అడిగితే కొంత నయం. గృహజ్యోతికి అద్దెకుండేవాళ్లూ అర్హులే, అయితే రేషన్ కార్డు, ఆధార్, ఆ ఇంటి సర్వీస్ నంబర్ జతపడాలి. మూడు గదులకు ఒకే సర్వీస్ నంబర్ ఉన్న చోట అది ఒక్కరికే దక్కుతుంది.

కట్ చేస్తామన్నప్పుడు

పాత బకాయిల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే వాడల్లో బిల్లు భయం కంటే స్తంభం ఎక్కే మనిషి భయం ఎక్కువ.

అదే చట్టం 56వ సెక్షన్: బిల్లు కట్టలేదని కరెంటు తీయాలంటే రాతపూర్వకంగా పదిహేను పూర్తి రోజుల నోటీసు ఇవ్వాలి. నోటితో చెప్పడం నోటీసు కాదు. బిల్లు తప్పని మీరు అంటే, వాళ్లు అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు బిల్లు గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కడుతున్నామని రాసి కట్టవచ్చు. వివాదం తేలే దాకా కట్ చేయడానికి లేదు. మన అక్కకు గత ఆరు నెలల్లో అయిదు బిల్లులు సున్నా. సగటు తీయండి, ఈ సెక్షన్ పేదల చేతిలో ఎంత పనికొస్తుందో తెలుస్తుంది.

రెండేళ్లు దాటిన బకాయిని అప్పటి నుంచి ప్రతి బిల్లులోనూ చూపుతూ వస్తే తప్ప దాని పేరు మీద వసూలు చేయకూడదని కూడా ఆ సెక్షన్ చెబుతుంది. అయితే 2020లో సుప్రీంకోర్టు ఒక వివరణ ఇచ్చింది. పాత బిల్లులో పొరపాటు తర్వాత కనిపెడితే అదనపు డిమాండ్ పెట్టవచ్చు, కానీ దాని కోసం కరెంటు కట్ చేసే దారి పట్టకూడదు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. "రెండేళ్లు దాటితే బాకీ మాఫీ" అని వాడలో చెప్పి వస్తే రేపు మన మాటే పోతుంది.

ఇంకొకటి. కొందరు కట్టలేదని వాడ మొత్తానికి లైన్ తీసేసిన సంఘటనలు మనం ఎరుగుదుం. 56వ సెక్షన్ బాకీ ఉన్న వ్యక్తి గురించే మాట్లాడుతుంది, వాడ గురించి కాదు. ఊరి వైపు పది మంది కట్టకపోతే ఊరంతా చీకటి చేయరు కదా.

ఉచితం ఎవరి డబ్బు

ఎస్సీలకు కరెంటు ఊరికే ఇస్తున్నారన్న మాట టీ కొట్ల దగ్గర వింటూనే ఉంటాం. తెలంగాణలో గృహజ్యోతి రాకముందు ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 101 యూనిట్ల వరకు మినహాయింపు ఉండేది. ఇప్పటి 200 యూనిట్లు కులంతో సంబంధం లేకుండా కార్డున్న అందరికీ. ఆంధ్రప్రదేశ్‌లో జగ్జీవన్ జ్యోతి కింద ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వంద యూనిట్లుండేది, 2019లో 200కు పెరిగింది. ఆ పథకంలో ఎస్సీ కాలనీలు, ఎస్టీ తండాల్లో నివసించే కుటుంబాలన్న షరతు ఉంది. ఊళ్లో అద్దెకుంటున్న ఎస్సీ కుటుంబం అర్హత కోసం మళ్లీ వాడకు పోవాలన్నమాట. వెలివాడను చిరునామాగా అడిగే సాయం ఇది.

ఇక డబ్బు. ఉచితమంటే డిస్కం భరించడం కాదు. 65వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఎవరికి సబ్సిడీ ఇవ్వాలనుకున్నా ఆ మొత్తం డిస్కంకు ముందే చెల్లించాలి. ప్రభుత్వం సమయానికి చెల్లించకపోతే అది ప్రభుత్వ బాకీ, మన అక్క బాకీ కాదు.

చవక కరెంటు కోసం మొదట కొట్లాడినవారిలో బాబాసాహెబ్ ఉన్నారన్న సంగతి మన సభల్లో తక్కువగా వినిపిస్తుంది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా విద్యుత్ విధానం ఆయన చేతిలో ఉంది. 1943లో విద్యుత్ విధాన సంఘం సమావేశంలో మాట్లాడుతూ, దేశం పేదరికం నుంచి బయటపడాలంటే పరిశ్రమలు కావాలని, దానికి కరెంటు పుష్కలంగా, చవకగా దొరకాలని ఆయన వాదించారు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పాటు ఆ పనిలో భాగమే.

ఫిర్యాదు ఎలా రాశాం

ముందుగా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాం. ఫోన్‌తో తేలుతుందన్న ఆశతో కాదు, తేదీ నమోదవుతుందని. తర్వాత సెక్షన్ ఆఫీసులో కాగితం ఇచ్చి, ముట్టినట్టు నకలు మీద సంతకం అడిగాం. మొదట ఇవ్వలేదు, అడిగినవాళ్లం నలుగురమయ్యాక ఇచ్చారు. అక్కడ తేలకపోతే 42వ సెక్షన్ కింద ప్రతి డిస్కంకూ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. ఫిర్యాదును కాగితం మీద రాసి ఇస్తే చాలు. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు.

కాగితంలో కథ రాయలేదు. సర్వీస్ నంబర్, రెండు రీడింగుల తేదీలు, 33 రోజులు, 207 యూనిట్లు, రోజుకు 6.27, ముప్పై రోజులకు 188. కింద ఒకే ఒక్క కోరిక: బిల్లును ముప్పై రోజుల ప్రాతిపదికన తిరిగి కట్టి, గృహజ్యోతి వర్తింపజేయాలని. సంతకం అక్కదే. పక్కన ఆరేళ్ల మనవడు నిలబడి అంకెలు పైకి చదివాడు.

జూన్‌లో రీడింగు 5వ తేదీన తీశారు. ఇరవై తొమ్మిది రోజులు, బిల్లు సున్నా. మే నెల డబ్బు సంగతి మాత్రం ఇంకా తేలలేదు, కాగితం వేదిక ముందుకు పంపాం. ఈలోపు ఆ కాలనీలో ఇంకో పదకొండు మంది తమ చీటీల మీద తేదీలు చూసుకుని వచ్చారు. వాళ్లలో నలుగురివి ముప్పై రోజులు దాటినవే.